ఎర్ర మఖ్మల్ చుక్క

మా ఆయేషా ఐదో తరగతి చదువుతోంది. పోయిన డిసెంబరులో వాళ్ళ స్కూలువాళ్ళు, ఇంట్లో మిగిలిపోయిన వస్తువులతో కొత్త సంవత్సరం కార్డు ఒకటి చేసి తీసుకురమ్మన్నారు. మా ఇంట్లో మిగిలిపోయేవి ఏమున్నాయి? బట్టలన్నీ రెడీమేడ్. అట్టపెట్టెలు ఎప్పటికప్పుడు పాతసామాన్లవాడికి వెళ్ళిపోతాయి. దారం ఉండ ఒకటి ఉందిగాని సూది ఎక్కడుందో నాకే తెలియదు. చివరికి, మిగిలిపోయిన వస్తువుల కోసం ఖమ్మం బజారుకు వెళ్ళి ఒక డబ్బా కొనుక్కొచ్చాను. దర్జీ కూతురు చేయాల్సిన పనేనా ఇది అని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. డబ్బాలో అన్నీ కోసిపెట్టినవే. వెనక జిగురు కూడా వాళ్ళే పూసి, పైన కాగితం అంటించారు. కాగితం ఒలిచి అతికించడం ఒక్కటే పిల్లకు మిగిల్చిన పని. ఆయేషా అందులోంచి ఒక ఎర్ర నక్షత్రం తీసి, అట్ట మధ్యలో పెట్టి, "అమ్మీ, ఇదెట్లుంది?" అని అడిగింది. "అది వద్దు. పువ్వు పెట్టుకో" అన్నాను. నా గొంతు అవసరానికి మించి గట్టిగా వచ్చినట్టుంది, పిల్ల బిత్తరపోయి చూసింది. "ఎందుకొద్దు?" అంది. బాగుండదన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పిల్ల నాతో సరిగ్గా ఇదే మాట అంది. ఎందుకు బాగుండదో ఆమె కూడా చెప్పలేకపోయింది. నేను వినలేదు.

మా ఇల్లు పాల్వంచలో. ముందు గది అబ్బా కుట్టుమిషను, వెనక రెండు గదులు మేము. రెండింటికీ మధ్య ఒక పరదా. ఆ పరదాకి అటు ఉన్నంతసేపు అబ్బా మెల్లగా, నవ్వుతూ మాట్లాడే మనిషి. ఇటు వచ్చాక అసలు మాట్లాడేవాడే కాదు. కంపెనీ షిఫ్టు సైరన్‌ని బట్టి మా రోజు నడిచేది. పొద్దున సైరన్‌కి అమ్మీ చాయ్ పొయ్యి మీద పెట్టేది, మధ్యాహ్నం సైరన్‌కి అబ్బా ఇస్త్రీ పెట్టెలోకి బొగ్గులు వేసేవాడు, సాయంత్రం సైరన్ అయ్యాక కాలనీ ఆడవాళ్ళు జాకెట్లు తీసుకోవడానికి వచ్చేవాళ్ళు. మిషను నూనె వాసన, తడి బట్ట మీద ఇస్త్రీ పెట్టె ఆనినప్పుడు లేచే ఆవిరి వాసన, దాదీ పాన్‌దాన్ తెరిస్తే గుప్పుమనే కాచు వాసన, ఈ మూడూ కలిసి మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడన్నా చిన్న టైలర్ షాపు ముందు నుంచి పోతే నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

అబ్బా కత్తెర కింద పడే ముక్కలన్నిటికీ యజమాని మా దాదీ, అంటే నాయనమ్మ. వాటిని కత్రన్ అనేది. సాయంత్రం కాగానే చాప మీద కూర్చుని, ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు ఎగదోసుకుంటూ, రంగుకు రంగు వేరుచేసేది. పట్టు ముక్కలు ఒక సంచిలో, నూలువి ఒక సంచిలో, జరీ అంచులు బిస్కెట్ డబ్బాలో. అరచేతి కంటే పెద్దదైతే ముక్కకు ముక్క అతికి కుట్టే గల్ల బొంతకు, అంతకంటే చిన్నదైతే దిండులోకి. దిండులోకి కూడా పనికిరానంత చిన్నవీ, మరీ నాజూకువీ ఉంటే అవి నాకు. అమ్మీ పెళ్ళి చీరలకు చమ్కీలు కుట్టేది. మగ్గం కింద గుడ్డ పరిచి, రాలిన చమ్కీలన్నీ అందులోంచి ఎత్తేవాళ్ళం. కానీ ఎంత ఎత్తినా కొన్ని గచ్చు పగుళ్ళలో దూరిపోయేవి. నేను అగ్గిపుల్లతో వాటిని ఒక్కొక్కటే పైకి తీసేదాన్ని. మా ఇంటికి వచ్చిన చుట్టాల అరికాళ్ళకి కూడా చమ్కీలు అంటుకునేవి. వాళ్ళు గడప దాటకుండా ఆపి మరీ ఊడదీసేదాన్ని.

ఆ రోజుల్లో డిసెంబరు వచ్చిందంటే బజారులో దారాలు కట్టి, వాటికి గ్రీటింగ్ కార్డులు వేలాడదీసేవాళ్ళు. గులాబీలు, పావురాలు, తెరవగానే కీచుమని పాట పాడేవి. కాలనీ పిల్లలు అవి కొనుక్కుని ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకునేవాళ్ళు. మాకు కొనే అలవాటు లేదు, కానీ తీసుకున్నాక తిరిగి ఇవ్వకపోతే తలకొట్టేసినట్టుండేది. అట్లా మొదలైంది నా కార్డుల తయారీ. రెడీమేడ్ చొక్కా మడత లోపల ఒక తెల్లటి అట్ట పెడతారు చూడండి, అది నా కాగితం. అబ్బాకి తెలిసిన బట్టల షాపులో అడిగితే కట్టలు కట్టలు ఇచ్చేవాళ్ళు. జిగురు దాదీ ఉడికించేది. మైదాపిండి నీళ్ళలో కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, ఉండ కట్టకుండా తిప్పుతూనే ఉండేది. "చేతులు కడగకుంట నోట్ల పెట్టుకున్నవంటే దవాఖానాకు పోతవ్" అని ప్రతిసారీ బెదిరించేది. అట్ట మీద పట్టు ముక్కతో పువ్వు రేకులు, జరీతో కాడ, మధ్యలో చమ్కీ. ఆరిన తర్వాత అట్ట కొంచెం వంగేది. దాన్ని దాదీ పరుపు కింద పెట్టి ఒక రోజంతా ఆమెను లేవనిచ్చేదాన్ని కాదు.

తొమ్మిదో తరగతిలో నా పక్కన భద్రమ్మ వచ్చి కూర్చుంది. చర్ల దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు. కోయవాళ్ళ పిల్ల. మా స్కూలు వెనకున్న ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. ఊళ్ళో చదువు ఐదుతో ఆగిపోతే, వాళ్ళ నాన్న పట్టుబట్టి హాస్టళ్ళు మార్చుకుంటూ అంతదూరం తెచ్చాడు. వాళ్ళ ఇంట్లో పదో తరగతిదాకా రాబోతున్న మొదటి మనిషి ఆమే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు గాని పుస్తకాలకు అట్టలు వేసుకునే తీరులో కనిపించేది. లెక్కల్లో నన్ను మించిపోయింది. మాట మాత్రం తక్కువ. మొదట్లో నాకు ఆమె మీద కొంచెం జాలి ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. జాలి పడాల్సిన పిల్ల కాదామె.

ఆదివారం వార్డెన్‌ని అడిగి మా ఇంటికి వచ్చేది. దాదీ మొదటిరోజు ఎగాదిగా చూసి, "ఏం తింటరు బేటీ మీరు?" అని అడిగింది. "అన్నమే తింటం నానీ, ఉంటే" అంది భద్రమ్మ. దాదీ పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి భద్రమ్మ మా దాదీ మనిషి అయిపోయింది. దాదీకి సూదిలో దారం ఎక్కేది కాదు. భద్రమ్మ వచ్చిందంటే పది సూదులకు వరుసగా దారాలు ఎక్కించి పరదాకి గుచ్చి వెళ్ళేది. వారమంతా దాదీకి అవి సరిపోయేవి. మా కార్డులకి కూడా అడవి వచ్చి చేరింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా ఆమె ఒక గుడ్డమూట తెచ్చేది. గురివింద గింజలు, రాలిన నెమలి ఈకలు, వెదురు పెచ్చులు, విస్తర్లు కుట్టగా మిగిలిన అడ్డాకులు. అడ్డాకును పుస్తకంలో పెట్టి ఆరబెడితే పెళుసుబారకుండా తోలులాగా అవుతుంది. దాన్ని ఏనుగు ఆకారంలో కోసి, దాని వీపు మీద నేను చమ్కీల గుడ్డ కుట్టాను. ఆ కార్డును లెక్కల టీచరు ఏడాదిపాటు తన బల్ల అద్దం కింద పెట్టుకుంది. కోసేది భద్రమ్మ, అతికించేది నేను, లోపల అక్షరాలు నావి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాకు పొగరు.

పొగరు అంటున్నాను గాని అసలు పొగరు ఇంకోదాని మీద. పదో తరగతి డిసెంబరులో నాకు నక్షత్రం కోయడం వచ్చింది. కంపెనీ కాలనీలో క్రిస్టియన్ల ఇళ్ళ ముందు, లోపల బల్బు వెలిగే కాగితం నక్షత్రాలు కడతారు. వాటిని చూసి, కాగితాన్ని మడతలు పెట్టి ఒక్క కత్తెర వేటుతో ఐదు కొనలూ సమంగా వచ్చేట్టు కోయడం నేర్చుకున్నాను. ఎవరు కనిపిస్తే వాళ్ళ ముందు కోసి చూపించేదాన్ని. ఆ వారంలోనే అబ్బా ఒక పెళ్ళికూతురికి ఎర్ర మఖ్మల్ జాకెట్ కుట్టాడు. దాంట్లో అరచేయంత ముక్క మిగిలింది. వేలితో ఒకవైపు నిమిరితే నల్లగా, ఇంకోవైపు నిమిరితే నెత్తురులాగా మెరిసేది. దాదీ దాన్ని డబ్బాలో దాచుకోవాలనుకుంది. నేను కాళ్ళావేళ్ళా పడి తీసుకున్నాను.

ఆ ఆదివారం భద్రమ్మ, వాళ్ళ నాన్న కోసం ఒక కార్డు కావాలంది. ఊళ్ళో కొత్తల పండుగ. కొత్తగా కాసిన చిక్కుళ్ళు ముందు దేవతకు పెట్టి, ఆ తర్వాతే ఊరంతా తింటారట. నాన్న వచ్చి రెండు రోజులకు తీసుకుపోతానన్నాడు. ఇంట్లో ఎవరికీ చదువు రాదు కాబట్టి రాత కంటే బొమ్మ పెద్దగా ఉండాలంది.

"ఐతే చుక్క పెడ్తా. ఎర్ర మఖ్మల్ ఉంది" అన్నాను.

భద్రమ్మ మఖ్మల్ ముక్కను ముట్టుకుని చేయి వెనక్కి తీసుకుంది. "చుక్క వద్దే. ఎద్దు పెట్టు. మా అయ్యకు ఎడ్లంటే పాణం."

"ఎద్దును ఎవరన్న గ్రీటింగ్ మీద పెడ్తరా? నవ్వుతరు."

"మా ఇంట్ల ఎవ్వలు నవ్వరు."

"ఎందుకొద్దో చెప్పు మరి."

"ఊకెనే. ఎర్రది బాగుండది."

"నీకేం తెల్సు!" అన్నాను నేను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెలిసింది ఆమెకే. వాళ్ళ ఊరి దారిలో ఎర్ర చుక్క అంటే క్రిస్మస్ కాదని, అది అడవిలో తిరిగే వాళ్ళ గుర్తని, దాన్ని చూస్తే పోలీసు క్యాంపులో వాళ్ళ మొహాలు ఎట్లా మారిపోతాయో ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ ఆ మాటలు పాల్వంచలో, బజారులో, పరదా అవతల బయటివాళ్ళు కూర్చున్న ఇంట్లో పైకి అనకూడదని కూడా తెలుసు. నాకు పేపర్లో చదివిన నక్సలైట్లు తెలుసుగాని, నా కత్తెరకూ వాళ్ళకూ సంబంధం ఉంటుందని తట్టనే లేదు. నేను చుక్క కోసి, అతికించి, చుట్టూ చమ్కీలు కుట్టి, లోపల గుండ్రటి అక్షరాలతో శుభాకాంక్షలు రాసి చేతిలో పెట్టాను. "సరె తియ్, నీ ఇష్టం" అని తీసుకుంది. స్నేహితురాలు కష్టపడి చేసిందాన్ని పారేయడానికి ఆమెకు మనసు రాలేదు. పారేసి ఉంటే ఎంత బాగుండేది! నాన్న వచ్చాక, పైకి కనబడకుండా ఆయన లుంగీ మడతలో పెట్టి సంచి అడుగున సర్దుకుంది.

దారిలో ఒక క్యాంపు దగ్గర బస్సు ఆపి సంచులు వెతికారట. కార్డు పైన ఉండి ఉంటే ఏమో, పిల్లల ఆటవస్తువని వదిలేసేవాళ్ళేమో. లుంగీలో చుట్టి అడుగున దాచిపెట్టింది కాబట్టి అది కార్డు కాకుండా పోయింది. ఎవరు చేశారు, ఎవరికి తీసుకుపోతున్నారు, ఎందుకు దాచారు? నాన్ననూ కూతుర్నీ వేరువేరుగా కూర్చోబెట్టి సాయంత్రందాకా అడిగారు. తనే చేశానని చెప్పింది భద్రమ్మ. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది. చివరికి పంపించేశారు, కానీ ఆ నాన్న వారం వారం వచ్చి కనబడిపోవాలన్నారు. ఇదంతా హాస్టల్ వంటమనిషికి వాళ్ళ ఊరి వైపు నుంచి తెలిసింది, ఆమె నుంచి బజారుకి, బజారు నుంచి మా షాపుకి. రెండు రోజుల పండుగకు పోయిన పిల్ల వారమైనా రాలేదు.

అబ్బా ఆ రోజు మధ్యాహ్నం భోజనం పళ్ళెం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. నన్ను పిలిచాడు. "ఆ మఖ్మల్ మనదేనా?" అని అడిగాడు. తల ఊపాను. మా అబ్బా ఎవరి మీదా చేయి ఎత్తిన మనిషి కాదు, కేకలు కూడా వేయలేదు. పరదా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవరడిగినా నాకు తెల్వదను. మన పేరు విన్నరంటే ఇంకా నాలుగు ఎక్కువడుగుతరు బేటా. ఒక్కసారి షాపు కాడ జీపు ఆగిందంటే ఇగ ఎవ్వరు బట్ట తీస్కొని రారు. నీ కింద ఇద్దరు చెల్లెండ్లున్నరు." ఆయన భయం నిజమైన భయం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. తప్పు పట్టగలిగితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మర్నాడు మా పెద్ద మేడం తరగతికి వచ్చింది. మాకు తెలుగు చెప్పేది కూడా ఆమే. ఎవరో ఇద్దరు మామూలు బట్టల్లో వచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవర్లో నా కార్డు. చమ్కీలు కొన్ని ఊడిపోయి కవరు మూలకు చేరాయి. మేడం కార్డును మా వైపు తిప్పి పట్టుకుంది. "ఇది మీరు సరదాగా చేసుకున్న కార్డని నాకు తెలుసు. భద్రమ్మ తనే చేశానంటోందట, కానీ ఆ పిల్లకి మఖ్మల్ ఎక్కడిది? ఎవరు చేశారో లేచి చెప్తే చాలు. నేనేమీ అనను, వాళ్ళనూ అననివ్వను. ఇక్కడ, ఈ స్కూల్లో, ఫలానా పిల్ల చేసిందని ఒక్క కాగితం రాసిస్తాను. పేరు లేకుండా రాస్తే నమ్మరు. కాగితం చూపిస్తే వాళ్ళను ఇక ఆపరు, ఆ పిల్ల వెనక్కి వచ్చి పరీక్షలు రాసుకుంటుంది" అంది.

తరగతిలో నలభైమంది ఉన్నాం. ఆ కార్డు ఎవరి చేతి పనో నలభైమందికీ తెలుసు. సగం మంది దగ్గర నేను చేసిన కార్డులున్నాయి. ఒక్కళ్ళు కూడా నా వైపు చూడలేదు. చూడకపోవడంతోనే ఎవరో మేడంకి తెలిసిపోయి ఉంటుంది. అయినా అక్షరాలు చూస్తే ఆమెకు తెలియదా, రెండేళ్ళుగా నా కాంపోజిషన్ పుస్తకం దిద్దింది. నా నోటితో నేను చెప్పాలని ఆమె ఎదురుచూసింది. బల్ల మీద ఎవరో కంపాసు ముల్లుతో చెక్కిన పేరు ఒకటుంటే దాన్నే గోటితో గీరుతూ కూర్చున్నాను. నా పక్కన భద్రమ్మ చోటు ఖాళీగా ఉంది. లేచి నిలబడితే చాలు, మాట్లాడక్కర్లేదు కూడా. నేను లేవలేదు. మేడం చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నా పేరు ఆమె కూడా చెప్పలేదు. నా మీద దయతోనో, ఆమెకూ ఏదైనా భయముందో నాకు తెలియదు. ఆ తర్వాత పరీక్షలయ్యేదాకా ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

నెల తిరిగాక భద్రమ్మ వాళ్ళ నాన్న ఆమె పెట్టె తీసుకుపోవడానికి హాస్టల్‌కి వచ్చాడు. పోతూ పోతూ మా షాపు ముందు ఆగాడు. పొట్టి మనిషి, భుజం మీద రేకు పెట్టె, చేతిలో చిన్న మూట. అబ్బా మిషను మీద నుంచి గబుక్కున లేచి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఆయన కుర్చీలో కూర్చోలేదు, గడప మీద కూర్చున్నాడు. నేను పరదా వెనక నిలబడ్డాను. దాదీ బయటికి వెళ్ళి, "పిల్లేది? బాగున్నదా?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నదమ్మా. ఇగ సదువు సాలన్నం. బస్సులు ఎక్కుడు, ఆళ్ళు ఆపుడు, అడుగుడు, నాతోని కాదు. ఆడపిల్లను గట్ల కూసోబెట్టి అడుగుతుంటే నాకు పాణం పోయింది" అన్నాడు. మూట దాదీ చేతిలో పెట్టాడు. "చిక్కుడు గింజలు. నానీకి ఇయ్యమన్నది."

ఆయన వెళ్ళాక దాదీ మూట పట్టుకుని లోపలికి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది. "నువ్వేనా చేసింది?" అని అడిగింది. అవ్ అన్నాను. "స్కూల్ల చెప్పినవా?" లేదన్నాను. ఏడుపు వచ్చింది, ఏడిస్తే దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ఆమె వెళ్ళి చాప మీద కూర్చుని, పాన్‌దాన్ తెరిచి, ఏమీ తీసుకోకుండానే మూసేసింది. ఆ తర్వాత దాదీ నన్ను ఎన్నడూ సూదిలో దారం ఎక్కించమని అడగలేదు. నేను పక్కనే ఉన్నా, దారం కొన నోట్లో తడిపి, వెలుతురుకేసి పట్టుకుని, పదిసార్లు తప్పి పదకొండోసారి తనే ఎక్కించుకునేది. నేను చేయి చాపితే, "ఉండనీ" అనేది. మార్చిలో నేను పరీక్షలు రాశాను. ఫస్టు క్లాసు వచ్చింది. లెక్కల పరీక్షకు నా ముందు బల్ల ఖాళీగా ఉండింది, దాని మీద సుద్దతో రాసిన హాల్ టికెట్ నంబరు ఆమెది.

కార్డులు చేయడం మానేశాను. మానేయకపోయినా రెండు మూడేళ్ళలో అవి ఎట్లాగూ పోయేవే. అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, బజారులో దారాలు కట్టడం ఆగిపోయింది. ఇప్పుడు పొద్దున లేస్తే నా ఫోన్లో ఇరవై పువ్వులు, పది సూర్యోదయాలు. ఏ పువ్వూ ఎవరి చేతిదీ కాదు. వాటిని పంపినందుకు ఎవరి సంచీ ఎవరూ వెతకరు. చేతితో చేసిన రోజులే మంచి రోజులని రాయాలని నాకూ ఉంటుంది. మా దాదీ చాప, ఆ జిగురు గిన్నె తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి. కానీ నా చేతితో నేను చేసిన వాటిలో అన్నిటికంటే అందమైన వస్తువు ఒక పిల్ల చదువు తీసింది. నేను ఇంటరు, డిగ్రీ, పీజీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. కథలు రాశాను. ధైర్యం గురించి కూడా రాశాను, ఆడపిల్లలు నోరు విప్పాలని సభల్లో మాట్లాడాను. ఈ కథ మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆయేషా పువ్వు కార్డు స్కూలుకు పట్టుకెళ్ళిన వారంలోనే, మా కాలేజీలో చదివే చర్ల వైపు అమ్మాయిని భద్రమ్మ గురించి అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడగగలిగేదాన్నే. ఆ అమ్మాయి రెండు రోజుల్లో చెప్పింది, భద్రమ్మ వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయాగా ఉందట. భద్రాచలం బస్సెక్కి, గోదావరి వంతెన దాటి, చర్ల వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరాను. రోడ్డు చాలాదూరం తారుదే. దారిలో ఒక క్యాంపు ముందు ఆటో నెమ్మదించింది, సెంట్రీ చూసి పొమ్మని చెయ్యి ఊపాడు. నా హ్యాండ్‌బ్యాగ్ వైపు ఎవరూ చూడలేదు.

అంగన్‌వాడీ ముందు రేకుల పంచలో భద్రమ్మ కోడిగుడ్లు ఒలుస్తోంది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నేను పేరు చెప్పకముందే, "షాయిదావా?" అని లేచింది. తడిచేతులు చీరకు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. నవ్వు మారలేదు. దాదీ ఉందా అని అడిగింది. పోయి పదేళ్ళయిందన్నాను. "కండ్లద్దాలు గట్లనే ముక్కు మీదికి జారేటియా ఆఖరుదాకా?" అంది. అవునన్నాను. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు భద్రాచలంలో ఇంటరు చదువుతోంది. లోపల పిల్లలకు పాట నేర్పుతున్న టీచరు పాతికేళ్ళ అమ్మాయి. "నాకంటె చిన్నది, మంచిది. టీచర్ పోస్టు మా ఊరికి మూడుసార్లు పడ్డది. పది పాసుండాలంటరు కదా" అంది భద్రమ్మ, గుడ్డు పెంకు ఒలుస్తూ. ఫిర్యాదు లేకుండానే అంది. మా తరగతిలో లెక్కల్లో మొదటి మార్కు ఆమెది.

అప్పుడు చెప్పాను. ఆమె పక్కన పీట మీద కూర్చుని, అంతా చెప్పాను. అబ్బా ఏమన్నాడో, మేడం కవరు పట్టుకుని ఎట్లా వచ్చిందో, ఏం అడిగిందో, నేను బల్ల గీరుతూ ఎట్లా కూర్చున్నానో. క్షమించమని అడిగాను. ఆమెకు ఇదంతా ఎప్పుడో తెలిసి ఉంటుందని, ఇన్నేళ్ళూ నన్ను తిట్టుకుంటూ ఉంటుందని అనుకుంటూ వచ్చాను. ఆమె చేతిలో గుడ్డు అట్లాగే ఆగిపోయింది.

"మేడం అడిగిందా?" అంది.

"అవ్."

"నాకు ఎవ్వలు చెప్పలే. నేను ఇన్నేండ్లు గది పోలీసోల్ల పని, ఎవ్వలేం జేస్తరనుకున్న. నీకు తెల్వనే తెల్వదనుకున్న." గుడ్డు గిన్నెలో పెట్టేసింది. "కాగితం రాస్తనన్నదా?"

"రాస్తనన్నది. పేరు చెప్తే రాస్తనన్నది."

"ఒక్క కాగితమేనా?"

నేను తల ఊపాను. ఆమె నన్ను తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. లోపల పాట అయిపోయింది, పిల్లలు పళ్ళేలు పట్టుకుని బయటికి వచ్చారు. ఆమె లేచి వాళ్ళకు వరుసగా అన్నం, పప్పు, ఒక్కో గుడ్డు పెట్టింది. ఒక చిన్నపిల్లకు గుడ్డు చిదిపి నోట్లో పెట్టింది. నాకూ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది, తిన్నాను. నా గుండెల మీది బరువు దించుకుందామని పోయినదాన్ని. అది దిగిందో లేదో గాని, ఆమెకు అప్పటిదాకా లేని బరువొకటి పెట్టి వస్తున్నానని ఆ పళ్ళెం కడుగుతుంటే అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆమె లోకంలో నేను మంచిదాన్నే.

ఆటో వచ్చేదాకా నాతో రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. ఆటో మలుపు తిరిగి కనబడ్డాక, దాని వైపే చూస్తూ అడిగింది.

"మేడం ఎంతసేపు నిలబడ్డది షాయిదా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అబద్ధం చెప్పవచ్చు, ఒక్క నిమిషమే అనవచ్చు.

"బెల్లు కొట్టేదాకా" అన్నాను.